సలాజర్ మొండితనమా, పోర్చుగల్ పేదరికమా? ఆ సామ్రాజ్యం ఎందుకు అలా కూలింది?

పాతపటాలు
శుక్రవారం, రాత్రి 9:40

బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం 1960ల మధ్యకల్లా తమ వలసలను చాలావరకు వదులుకున్నాయి. వాటన్నింటికన్నా బలహీనమైన పోర్చుగల్ మాత్రం 1974 దాకా ఆఫ్రికాలో మూడు చోట్ల యుద్ధం చేసింది. కోటి జనాభా కూడా లేని దేశం. దీన్ని ‘చరిత్ర గతి’ అని ఒక్క మాటతో దాటేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ పదమూడేళ్ల యుద్ధం ఒక మనిషి, ప్రధాని సలాజర్, తీసుకున్న నిర్ణయం. తీసుకున్న రోజు ఏదో కూడా మనకు తెలుసు.

1961ని నెలల వారీగా చూడండి. జనవరిలో అంగోలాలోని కసాంజే ప్రాంతంలో పత్తి రైతులు తిరగబడ్డారు. పత్తి వేయడం వారికి నిర్బంధం, కంపెనీ ఇచ్చిందే ధర. విమానాలతో బాంబులు వేసి అణచివేశారు. అదే నెలలో సలాజర్‌కు ఎదురుతిరిగిన హెన్రిక్ గాల్వావ్ ‘శాంటా మరియా’ అనే ప్రయాణికుల ఓడను నడిసముద్రంలో హైజాక్ చేసి ప్రపంచ పత్రికలన్నింటినీ పోర్చుగల్ రాజధాని లిస్బన్ వైపు తిప్పాడు. ఈ గాల్వావ్ ఎవరో కాదు, ‘పోర్చుగల్ చిన్న దేశం కాదు’ అంటూ యూరప్ పటం మీద అంగోలా, మొజాంబిక్‌లను పరిచి చూపించిన ఆ ప్రసిద్ధ ప్రచార చిత్రాన్ని 1934లో తయారు చేసిన పెద్దమనిషే! ఫిబ్రవరి 4న లువాండాలో జైలుపై దాడి. మార్చి 15న ఉత్తర అంగోలా కాఫీ తోటల్లో వందలాది తెల్లవాళ్లనూ, వాళ్ల దగ్గర పనిచేసే నల్లజాతి కూలీలనూ నరికి చంపారు. ప్రతీకారంలో చనిపోయిన ఆఫ్రికన్లు అంతకు ఎన్నో రెట్లు.

ఇక ఏప్రిల్. రక్షణ మంత్రి జనరల్ బొతెల్హో మొనీజ్, ఆయనతో పాటు కొందరు సేనానులు ఈ వ్యవహారం తుపాకీతో తేలదనీ, రాజకీయంగా మార్పు రావాలనీ నిశ్చయించుకుని సలాజర్‌ను తప్పించబోయారు. ఏప్రిల్ 13న సలాజర్ వాళ్లకన్నా ముందే కదిలాడు. మంత్రిని పీకేశాడు, రక్షణ శాఖ తానే తీసుకున్నాడు, ‘అంగోలాకు, త్వరగా, బలంగా’ అని ప్రకటించాడు. ఇంకో వారానికి అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో ఫ్రెంచి జనరల్స్ తమ అధ్యక్షుడు డిగాల్ మీద తిరగబడ్డారు. అక్కడ పాలకుడు వదిలి వెళ్తానన్నందుకు సైన్యానికి కోపం. ఇక్కడ పాలకుడు కదలనన్నందుకు. రెండు తిరుగుబాట్లూ విఫలమయ్యాయి. ఫ్రాన్స్ ఏడాదిలో బయటపడింది, పోర్చుగల్ పదమూడేళ్లు ఇరుక్కుంది.

ఆ స్థానంలో మరో నాయకుడు ఉంటే కథ మారేదా? మీరేమంటారు?

గౌతమి_గట్టు
శుక్రవారం, రాత్రి 10:25

మా యానాం సంగతి ఇలాంటి చర్చల్లో ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను.

కాకినాడ నుంచి బస్సెక్కితే గంటలోపు దిగే ఊరు, 1954 దాకా ఫ్రాన్స్. శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాల్య వివాహాలకు మా ఊరికే వచ్చేవి, ఆ కథ మరోసారి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారు అనుచరులతో యానాంలోకి వచ్చి పాలన చేతిలోకి తీసుకున్నారు. వియత్నాంలోని డియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం లొంగిపోయి అప్పటికి నెల దాటింది. జూన్ 18న పారిస్‌లో మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యాడు. వియత్నాం యుద్ధం ముగించడానికి తనకు తానే నెల రోజులు గడువు పెట్టుకున్న మనిషి, మన దేశంలోని నాలుగు ముక్కల కోసం పంతానికి పోతాడా? అక్టోబర్ 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. విలీనానికి 170, వ్యతిరేకంగా 8. నవంబర్ 1కల్లా పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం మనవైపు వచ్చేశాయి.

చట్టపరమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. ఎనిమిదేళ్లు ఎందుకంటే, అల్జీరియా వ్యవహారం తేలకుండా ‘ఫ్రెంచి నేల’ ఇచ్చేశాం అని పార్లమెంటులో ముద్ర వేయించుకోవడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం లేకపోయింది. ముందు ఊరు ఇచ్చేశారు, కాగితం తర్వాత చూసుకున్నారు. కర్ర విరగకుండా పని కానిచ్చారు.

అదే 1954లో, జూలై ఆగస్టుల్లో, పోర్చుగీసుల దాద్రా, నాగర్ హవేలీలను స్వచ్ఛంద కార్యకర్తలు స్వాధీనం చేసుకున్నారు. లిస్బన్ ఏం చేసింది? అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది! 1960లో తీర్పు వచ్చింది: పౌరులకు దారి హక్కు ఉంది, సైన్యానికి లేదు, భారత్ తప్పేమీ చేయలేదు అని. నాలుగేళ్లకు పైగా ప్లీడర్లను పెట్టుకుని తిరిగినా చేతికొచ్చింది అంతే.

కాబట్టి నా ఓటు పాతపటాలు గారికే. నాయకత్వం తేడానే తేడా.

లెక్కలమాస్టారు
శనివారం, ఉదయం 6:50

ఇద్దరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. డబ్బు ఎక్కడ?

ఫ్రాన్స్ ఎందుకు తేలిగ్గా వెళ్లగలిగింది? జెండా దించినా దాని కరెన్సీ, బ్యాంకులు, కంపెనీలు, సైనిక స్థావరాలు పశ్చిమ ఆఫ్రికాలో మిగిలాయి. పాలన ఖర్చు పోయింది, లాభం నిలిచింది. పోర్చుగల్‌కు ఆ సౌకర్యం లేదు. వెళ్లిపోతే మర్నాడే అమెరికన్లు, జర్మన్లు, దక్షిణాఫ్రికా వాళ్లు వచ్చి కూర్చుంటారు. లిస్బన్ మిల్లుకు చవక పత్తి ఎక్కడిది? అంగోలా, మొజాంబిక్ రైతు మెడ మీద కత్తి పెట్టి వేయించినదే. మొజాంబిక్ యువకులను దక్షిణాఫ్రికా బంగారు గనులకు పంపితే, వాళ్ల జీతంలో కొంత భాగం అధికారిక ధరకు బంగారంగా పోర్చుగల్‌కు చేరేది. గనిలో దిగిన మనిషికి ఊరికి తిరిగొచ్చాక స్థానిక కరెన్సీ, ప్రభుత్వానికి బంగారం. ఇలాంటి ఏర్పాటును ఏ ప్రధాని అయినా తేలిగ్గా వదులుకుంటాడా?

సలాజర్ ఎవరు? కోయింబ్రాలో అర్థశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. 1928లో ఆర్థిక మంత్రిగా వచ్చి బడ్జెట్ సరిదిద్ది, 1932 నుంచి ప్రధాని. అతనికి లెక్క తెలియదనుకోవడం పొరపాటు.

పాతపటాలు
శనివారం, ఉదయం 8:15

మాస్టారూ, లెక్క తెలిసిన మనిషే. కానీ ఆ లెక్క 1930ల నాటిది. 1960లో పోర్చుగల్ ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘంలో వ్యవస్థాపక సభ్యురాలు. ఆ తర్వాతి పదేళ్లలో దాని వ్యాపారం ఏటికేడాది యూరప్ వైపే మళ్లింది, వలసల వాటా తగ్గుతూ వచ్చింది. 1972లో యూరోపియన్ ఆర్థిక సమాజంతో ఒప్పందం కూడా చేసుకుంది. లాభం కోసమే అయితే 1970కల్లా దుకాణం సర్దుకోవాలి కదా? సర్దలేదు. ఆ మొండితనానికి మీ ఖాతా పుస్తకంలో కాలమ్ లేదు.

లెక్కలమాస్టారు
శనివారం, ఉదయం 8:40

1966లో అంగోలాకు చెందిన కబిందాలో చమురు పడింది. ఆ కాలమ్ మీ పుస్తకంలో లేదు.

ఎర్రమందారం
శనివారం, మధ్యాహ్నం 12:30

ఇంతవరకు వచ్చిన వ్యాఖ్యలు అన్నీ చదివాను. సలాజర్, డిగాల్, మెండెస్ ఫ్రాన్స్, బ్యాంకులు, బంగారం. ఒక్క ఆఫ్రికన్ పేరు లేదు! వలసలు ‘పోయాయి’ అంటే ఎవరో తీసుకున్నారనే కదా.

అమిల్కార్ కాబ్రాల్ పేరు విన్నారా? లిస్బన్‌లో చదువుకున్న వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. 1953లో పోర్చుగీసు గినీలో (ఇప్పటి గినీ-బిస్సావు) వ్యవసాయ గణన బాధ్యత పోర్చుగీసు ప్రభుత్వమే ఆయనకు అప్పగించింది. ఊరూరా తిరిగారు. ఏ తెగ ఏ పంట పండిస్తుంది, భూమి ఎవరి చేతిలో ఉంది, పన్ను ఎవరిని నలిపేస్తోంది, అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. పదేళ్ల తర్వాత అదే ఊళ్లలో గెరిల్లాలకు అన్నం పెట్టేవాళ్లు ఎవరో ఆయనకు ముందే తెలుసు. ప్రభుత్వ జీతంతో చేసిన సర్వే, ప్రభుత్వానికే ఎసరు పెట్టింది.

1959 ఆగస్టు 3న బిస్సావు రేవులో జీతాల కోసం సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిపారు. దాదాపు యాభై మంది చనిపోయారు. పట్టణంలో ఊరేగింపులతో లాభం లేదు, పల్లెల్లోకి వెళ్లాలని కాబ్రాల్ పార్టీ నిర్ణయించుకున్నది ఆ తర్వాతే. 1963లో సాయుధ పోరాటం మొదలైంది. మొజాంబిక్‌లో విమోచన ఉద్యమం ఫ్రెలిమో 1964 సెప్టెంబర్ 25న మొదలుపెట్టింది. దాని నాయకుడు ఎడ్వార్డో మొండ్లేన్‌ను 1969 ఫిబ్రవరిలో దార్ ఎస్ సలామ్‌లో పార్సిల్ బాంబుతో చంపారు. కాబ్రాల్‌ను 1973 జనవరి 20న పక్క దేశంలోని కొనాక్రీలో, సొంత పార్టీలోని అసంతృప్తులే కాల్చి చంపారు. ఆయన పోయిన ఎనిమిది నెలలకు, సెప్టెంబర్ 24న, ఆయన పార్టీ గినీ-బిస్సావు స్వతంత్ర దేశమని ప్రకటించింది. లిస్బన్ ఒప్పుకోకముందే పదుల దేశాలు గుర్తించాయి.

నాయకత్వం అంటే ఇది కూడా. ప్రధానుల కుర్చీలు ఒక్కటే కాదు.

కొత్తగా_చేరాను
శనివారం, మధ్యాహ్నం 1:05

కుర్చీ అంటే గుర్తొచ్చింది, సలాజర్ నిజంగా కుర్చీలోంచి పడిపోయి పదవి పోగొట్టుకున్నాడా? ఎక్కడో చదివి కట్టుకథ అనుకున్నాను.

మాజీ_సిపాయి
శనివారం, మధ్యాహ్నం 1:50

కట్టుకథ కాదు. 1968 ఆగస్టులో ఎస్టొరిల్ దగ్గర కోటలో సెలవుల్లో ఉండగా కుర్చీ కూలి తలకు దెబ్బ తగిలింది. మెదడులో రక్తం గడ్డకట్టింది, తర్వాత పక్షవాతం. సెప్టెంబర్‌లో కయితానోను ప్రధానిని చేశారు. ఆ మాట సలాజర్‌కు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాత మంత్రులు వచ్చి ఎదుట కూర్చుని పరిపాలన మాట్లాడి వెళ్లేవారు. 1970 జూలైలో చనిపోయే దాకా తానే ప్రధాని అన్న భ్రమలోనే ఉన్నాడంటారు.

గోవా గురించి నేను చెప్పాలి. 1961 డిసెంబర్‌లో అక్కడ పోర్చుగీసు బలం మూడు వేల పైచిలుకు సైనికులు. యుద్ధ విమానం ఒక్కటి లేదు. నౌకాదళం అంటే ‘అఫొన్సో డి అల్బుకర్క్’ అనే 1930ల నాటి ఓడ. ఎదురుగా మేజర్ జనరల్ కాండెత్ నాయకత్వంలో మన పదాతి డివిజన్, వెనక విమానాలు, సముద్రంలో మన నౌకలు. డిసెంబర్ 14న సలాజర్ గవర్నర్ జనరల్ వాసాలో ఇ సిల్వాకు సందేశం పంపాడు. కనీసం ఎనిమిది రోజులు నిలబడాలి. సంధి ఉండదు, యుద్ధ ఖైదీలు ఉండరు. గెలిచిన సైనికులో చనిపోయిన సైనికులో మాత్రమే ఉండాలి. ఇదీ దాని సారాంశం.

ఎనిమిది రోజులు దేనికి? ఈలోపు ఐక్యరాజ్యసమితిలో ఒత్తిడి తేవచ్చని. ఆరు వందల ఏళ్ల నాటి స్నేహ ఒప్పందం చూపించి బ్రిటన్‌నూ అడిగారు, అది తప్పుకుంది. 18న భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానం వస్తే సోవియట్ యూనియన్ వీటో చేసింది. 19న వాసాలో ఇ సిల్వా లొంగిపోయాడు. రెండు వైపులా కలిపి చనిపోయింది యాభై మంది పైచిలుకు. ఆ ఆజ్ఞ పాటించి ఉంటే ఎంత మంది పోయేవారో ఆ లెక్క సిపాయికి తెలుస్తుంది.

మూడు వేల మందిని చావమని చెప్పిన మనిషి ఏనాడూ ఒక్క వలసలోనూ అడుగు పెట్టలేదు. గోవా కాదు, అంగోలా కాదు, ఏదీ కాదు.

పాతపటాలు
శనివారం, సాయంత్రం 4:20

సిపాయి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. అతనికి తెలియకపోవడం కాదు సమస్య. 1956లో ఒర్లాండో రిబైరో అనే పేరున్న భూగోళ శాస్త్రవేత్తను ప్రభుత్వమే గోవాకు పంపింది. ఆయన తిరిగొచ్చి ఇచ్చిన నివేదికలో, తాను చూసిన పోర్చుగీసు ప్రాంతాలన్నింటిలోకీ అతి తక్కువ పోర్చుగీసుదనం ఉన్నది గోవాలోనేనని రాశాడు. నాలుగున్నర శతాబ్దాల పాలన తర్వాత! ఆ నివేదిక ప్రజలకు కనిపించేలా అచ్చయింది 1999లో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషి బల్ల మీద నాలుగు కాళ్ల కుందేలు బొమ్మ పెట్టినట్టు. చూశాడు, సొరుగులో పెట్టాడు.

దివాణం
శనివారం, సాయంత్రం 6:00

అందరూ ఒకే పాట పాడుతున్నారు, నేను శ్రుతి మారుస్తాను.

సలాజర్ వ్యక్తిగతంగా అవినీతి లేని మనిషి, నిరాడంబరుడు. రెండో ప్రపంచ యుద్ధంలో దేశాన్ని తటస్థంగా ఉంచి కాపాడాడు. ‘వదిలి వెళ్లిపోండి’ అనడం తేలిక. వెళ్లాక ఏమైంది? అంగోలాలో 1975 జనవరిలో ఆల్వోర్ ఒప్పందం చేశారు, మూడు విమోచన ఉద్యమాలూ కలిసి ప్రభుత్వం నడపాలన్నారు. నవంబర్ 11న స్వాతంత్ర్యం వచ్చేసరికి లువాండా ఒకరి చేతిలో, ఉత్తరం మరొకరి చేతిలో, దక్షిణం ఇంకొకరి చేతిలో. ఆఖరి పోర్చుగీసు ప్రతినిధి అధికారాన్ని ఏ పార్టీకీ ఇవ్వకుండా ‘అంగోలా ప్రజలకు’ అప్పగిస్తున్నానని చెప్పి ఓడెక్కాడు. ఆ అంతర్యుద్ధం 2002 దాకా సాగింది. మరో పోర్చుగీసు వలస తూర్పు తిమోర్‌ను అదే 1975 డిసెంబర్ 7న ఇండోనేషియా ఆక్రమించింది. ఇదంతా సలాజర్ చనిపోయిన ఐదేళ్లకు, ‘ప్రగతిశీల’ నాయకుల హయాంలో జరిగింది. మరి నాయకత్వ లోపం ఎవరిది?

నెహ్రూ సంగతీ అంతే. ప్రపంచానికి శాంతి బోధించి గోవాలో సైన్యాన్ని దింపారు.

గౌతమి_గట్టు
శనివారం, సాయంత్రం 6:35

దివాణం గారూ, నెహ్రూ సైన్యాన్ని దింపడానికి ముందు పద్నాలుగేళ్లు ఆగారు. 1950 ఫిబ్రవరిలో చర్చలకు పిలిచారు, లిస్బన్ మాట్లాడటానికే ఏమీ లేదంది. 1953లో అక్కడి మన దౌత్య కార్యాలయం మూసేశారు. 1955 ఆగస్టు 15న చేతిలో జెండా తప్ప ఏమీ లేని సత్యాగ్రహుల మీద కాల్పులు జరిపి ఇరవై మందికి పైగా చంపారు. ఇంకెన్నాళ్లు ఆగాలి?

నిర్వాహకుడు
శనివారం, రాత్రి 8:10

ఇప్పటి పార్టీల నాయకులను సలాజర్‌తో పోల్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఆ తగవులకు వేరే విభాగం ఉంది. చర్చ బాగా సాగుతోంది, అలాగే సాగనివ్వండి.

కొత్తగా_చేరాను
శనివారం, రాత్రి 8:30

సలాజర్ 1968లో పదవి నుంచి పోయాడు అనుకుందాం. యుద్ధం 1974 దాకా సాగింది. ఒక్క మనిషి మొండితనమే కారణమైతే కొత్త ప్రధాని మర్నాడే ఆపాలి కదా? కయితానో ఎందుకు ఆపలేదు?

పాతపటాలు
శనివారం, రాత్రి 10:45

మంచి ప్రశ్న. నా వాదనకు అసలు పరీక్ష ఇక్కడే.

కయితానో తెలివితక్కువవాడు కాదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు, 1944 నుంచి 1947 దాకా వలసల మంత్రి. 1962లో ప్రభుత్వం అభిప్రాయం అడిగితే సమాఖ్య వ్యవస్థను సూచించాడు. అంటే అంగోలా, మొజాంబిక్ లాంటివి సొంత ప్రభుత్వాలతో ఒక సమాఖ్యలో ఉండాలని. దారి తెలిసిన మనిషి. కానీ సలాజర్ 36 ఏళ్లు కట్టిన ఇంట్లోకి వచ్చాడు. 1951లోనే రాజ్యాంగం సవరించి వలసలన్నింటినీ ‘సముద్రాంతర రాష్ట్రాలు’గా మార్చారు. 1955లో ఐక్యరాజ్యసమితిలో చేరగానే మీకు స్వపరిపాలన లేని భూభాగాలు ఉన్నాయా అని అడిగితే, లేవు, అన్నీ మా దేశమే అని జవాబిచ్చారు. ఆ మాట మీదే కొలువు, సెన్సారు, రహస్య పోలీసు, పాఠ్య పుస్తకాలు నిలబడ్డాయి. ఒక్క చోట చర్చలకు కూర్చుంటే పునాది కదిలినట్టే. పైగా అధ్యక్షుడు అడ్మిరల్ తోమాస్, కరడుగట్టిన వర్గం వెనక నిలబడి ఉన్నారు. సముద్రాంతర రాష్ట్రాలను కాపాడతానన్న మాట మీదే కయితానోకు పదవి దక్కింది.

1972 మేలో గినీ గవర్నర్ జనరల్ స్పినోలా సరిహద్దు దాటి సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్‌ను కలిశాడు. కాబ్రాల్‌తో చర్చలకు దారి తెరుచుకునే అవకాశం. కయితానో ఆపేశాడు. ఉగ్రవాదులతో ఒప్పందం కన్నా గినీలో గౌరవప్రదమైన సైనిక పరాజయమే మేలని అతని వాదన. కారణం కూడా చెప్పాడు: ఇక్కడ ఒప్పుకుంటే అంగోలా, మొజాంబిక్‌లలోనూ ఒప్పుకోవాలి. 1961 డిసెంబర్ 14 నాటి సందేశాన్ని దీని పక్కన పెట్టి చదవండి.

ఓడిపోవాల్సిన సైన్యానికి ఆ సంగతి అర్థం కాకుండా ఉంటుందా? గోవా నుంచి తిరిగొచ్చిన అధికారులకు ఏ గతి పట్టిందో వాళ్లు చూశారు. రేపు గినీలో ఓడితే నింద తమ నెత్తినే.

అయినా మంట అంటుకున్నది మాత్రం చాలా మామూలు విషయం దగ్గర. 1973 జూలైలో ఒక ఉత్తర్వు వచ్చింది. నిర్బంధ సేవ మీద వచ్చిన తాత్కాలిక అధికారులు చిన్న కోర్సు చేసి శాశ్వత అధికారుల జాబితాలోకి రావచ్చు, సీనియారిటీ కూడా కలుస్తుంది. అకాడమీలో పూర్తి కోర్సు చదివిన కెప్టెన్లకు ఒళ్లు మండింది. సెప్టెంబర్ 9న అలెంతెజోలో ఒక పొలంలో 130 మందికి పైగా అధికారులు సమావేశమయ్యారు. పదోన్నతుల గొడవతో మొదలైన మాట కొన్ని నెలల్లో యుద్ధం ఆపాలనే దాకా, ప్రభుత్వాన్ని దింపాలనే దాకా వెళ్లింది. ప్రభుత్వోద్యోగం చేసినవాళ్లకు దీనిలో ఆశ్చర్యం కనిపించదు.

1974 ఫిబ్రవరి 22న స్పినోలా పుస్తకం వచ్చింది. సైనిక విజయం సాధ్యం కాదని నాలుగు నక్షత్రాల స్థాయి జనరలే రాశాడు. మార్చి 14న కయితానో జనరల్స్‌ను పిలిపించి విధేయత ప్రకటింపజేశాడు. స్పినోలా, కోస్టా గోమెస్ రాలేదు, ఇద్దరినీ తొలగించాడు. వచ్చిన ముసలి జనరల్స్‌కు జనం పెట్టిన పేరు ‘కీళ్లవాతం బ్రిగేడ్’. ఆరు వారాలకు, ఏప్రిల్ 25న, లిస్బన్‌లోని కార్మో బ్యారక్స్‌లో కయితానో చిక్కుకున్నాడు. బయట శాంతరెం నుంచి వచ్చిన కెప్టెన్ సాల్గైరో మాయా, అతని కవచ వాహనాలు, చుట్టూ జనసముద్రం. అధికారం వీధిలో పడకూడదు, ఒక జనరల్‌కే అప్పగిస్తానన్నాడు. స్పినోలాను పిలిపించారు. నెలన్నర కిందట తాను తీసేసిన మనిషికే అప్పగించి వెళ్లాడు.

ఒక మనిషి మొండితనం అతనితోనే పోదు. చుట్టూ ఉన్నవాళ్లకు వేరే మాట రాకుండా చేసి పోతుంది.

ఎర్రమందారం
ఆదివారం, ఉదయం 7:30

పదోన్నతుల ఉత్తర్వు కథ చాలా చోట్ల ఇలాగే చెబుతారు. కెప్టెన్లకు కోపం వచ్చింది, విప్లవం వచ్చింది. కానీ ఆ కెప్టెన్లు ఎక్కడ పనిచేసి వచ్చారు? చాలామంది గినీలో. 1973లో అక్కడి గెరిల్లాలకు సోవియట్ స్ట్రెలా క్షిపణులు అందాయి. అప్పటిదాకా ఆకాశం పోర్చుగీసులదే, ఒక్కసారిగా విమానాలు కూలడం మొదలైంది. సరిహద్దు శిబిరాలకు గాయపడినవాళ్లను తీసుకెళ్లే హెలికాప్టర్ రావాలంటేనే భయం. యుద్ధం గెలుస్తున్న సైన్యంలో సీనియారిటీ గొడవ వస్తే కోర్టులో కేసు అవుతుంది, తిరుగుబాటు కాదు.

ఇంకో మాట. మొజాంబిక్‌లో విరియాము అనే ఊరిని 1972 డిసెంబర్ 16న సైనికులు మట్టుపెట్టారు. మిషనరీ ఫాదర్లు వివరాలు సేకరించారు. 1973 జూలైలో కయితానో లండన్ వెళ్లే ముందు అవి బ్రిటిష్ పత్రికలో వచ్చాయి. ఆరు వందల ఏళ్ల స్నేహం పండుగ చేసుకుందామని వెళ్లిన ప్రధానికి వీధుల్లో నిరసనలు ఎదురయ్యాయి.

లెక్కలమాస్టారు
ఆదివారం, ఉదయం 9:05

1960ల చివరికి బడ్జెట్‌లో నూటికి నలభై దాకా రక్షణకే. కుర్రవాళ్లకు రెండేళ్లు ఆఫ్రికా తప్పదు. 1960కీ 1974కీ మధ్య పది లక్షల మందికి పైగా దేశం వదిలి వెళ్లారు, ఎక్కువగా ఫ్రాన్స్‌కు, చాలామంది దొంగదారిన కొండలు దాటి. సామ్రాజ్యాన్ని నిలబెట్టడానికి అంగోలాలో తెల్లవాళ్లను స్థిరపరచాలని ప్రభుత్వం పథకాలు వేస్తుంటే, జనం పారిస్ శివార్లలో భవన నిర్మాణ కూలీలుగా చేరారు. ఇది కూడా ఒక ఓటే. బ్యాలెట్ పెట్టె లేని దేశంలో కాళ్లతో వేసిన ఓటు.

లిస్బన్‌లో_తెలుగు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఉద్యోగరీత్యా కొంతకాలంగా ఇక్కడే ఉంటున్నాను. ఈ చర్చ చూసి నిన్న సాయంత్రం బెలెం వైపు వెళ్లాను.

నది ఒడ్డున, బెలెం బురుజుకు దగ్గర్లో సముద్రాంతర యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మారకం ఉంది. నీళ్ల మధ్య రెండు నిలువు దిమ్మెలు ఒకదానికొకటి వాలి ఉంటాయి, వెనక పాత కోట గోడకు రాతి పలకలు. పలకల మీద సంవత్సరాల వారీగా పేర్లు, దాదాపు తొమ్మిది వేలు. 1961 నుంచి మొదలవుతాయి. ఒక పెద్దాయన పేర్ల మీద వేలు జరుపుతూ వెతుకుతున్నారు. ఇంత కట్టింది ఎప్పుడంటే 1994లో, యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లకు. అక్కడ నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే ‘అన్వేషణల స్మారకం’. వాస్కో డ గామా, మిగతా నావికులు రాతి ఓడ మీద వరుసగా నిలబడి ఉంటారు. అది 1960లో కట్టినది, సలాజర్ కాలం. నదికి అడ్డంగా కనిపించే ఎర్ర వంతెన 1966లో ‘సలాజర్ వంతెన’గా తెరిచారు, ఇప్పుడు దాని పేరు ‘ఏప్రిల్ 25 వంతెన’.

1975లో అదే నావికుల స్మారకం చుట్టూ చెక్క పెట్టెలు గుట్టలుగా పడి ఉన్న ఫోటోలు ఇక్కడ అందరికీ తెలుసు. అంగోలా, మొజాంబిక్‌ల నుంచి ఐదు లక్షల మందికి పైగా వచ్చిపడ్డారు. వాళ్ల సామాను పెట్టెలవి, పేర్లు చేత్తో రాసి ఉంటాయి. చాలామంది అక్కడే పుట్టినవాళ్లు, లిస్బన్‌ను మొదటిసారి చూస్తున్నవాళ్లు. ప్రభుత్వం వాళ్లను హోటళ్లలో పెట్టింది. మా ఆఫీసులో ఒకావిడ కుటుంబం లువాండా నుంచి అలా వచ్చిందే. వాళ్ల నాన్నగారు సలాజర్‌నూ తిట్టేవారట, విప్లవం తర్వాతి నాయకుడు సోరెస్‌నూ తిట్టేవారట, సమానంగా.

దివాణం గారి ప్రశ్నకు నాకు ఇక్కడ జవాబు కనిపిస్తుంది. పదమూడేళ్లు చర్చలే లేకపోతే, చర్చలు మొదలైన రోజున చేతిలో సమయం ఉండదు.

దివాణం
ఆదివారం, మధ్యాహ్నం 3:00

సమయం లేదన్నది సాకు. 1974 జూలై 27న స్వాతంత్ర్య హక్కు గుర్తిస్తూ చట్టం తెచ్చారు, అంగోలాకు ఇంకా పదిహేను నెలలు ఉంది. ఎన్నికలు పెట్టలేకపోయారు. గినీలో పోర్చుగీసు సైన్యం తరఫున పోరాడిన ఆఫ్రికన్ కమాండోలను వదిలేసి వచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత వాళ్లలో చాలామందిని కాల్చి చంపారు. ఆ పేర్లు మీ గోడ మీద ఉన్నాయా?

లిస్బన్‌లో_తెలుగు
ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఆ వాదన ఇక్కడ కూడా నడుస్తోంది, పాత సైనికుల సంఘాల్లో మరీ గట్టిగా. మీరన్న విషయంలో లిస్బన్ సిగ్గుపడాల్సిందే. కానీ సైన్యమే ఇంకొక్క రోజు కూడా పోరాడేది లేదని చెబుతుంటే ఏ ప్రభుత్వం పదిహేను నెలలు శాంతిభద్రతలు కాపాడుతుంది? స్పినోలా మెల్లగా, సమాఖ్య పద్ధతిలో చేద్దామన్నాడు. సెప్టెంబర్ 30న అతనే రాజీనామా చేశాడు.

మాజీ_సిపాయి
ఆదివారం, సాయంత్రం 5:20

వాసాలో ఇ సిల్వా సంగతి పూర్తి చేస్తాను. ఖైదీలు 1962 మేలో తిరిగి వెళ్లారు. మరుసటి ఏడాది ఆయనను, మరికొందరు అధికారులను సైన్యం నుంచి బహిష్కరించారు. 1974 విప్లవం తర్వాతే హోదా తిరిగి ఇచ్చారు. అదే ఏడాది డిసెంబర్ 31న ఢిల్లీలో ఇరు దేశాల విదేశాంగ మంత్రులు వై.బి.చవాన్, మారియో సోరెస్ సంతకాలు చేశారు, గోవా భారత్‌దేనని పోర్చుగల్ ఒప్పుకుంది. పదమూడేళ్లు పట్టింది ఆ సంతకానికి. రాత్రి పూట డబోలిం నుంచి లైట్లు లేకుండా కరాచీకి ఎగిరిపోయిన రెండు విమానాల కథ కూడా ఉంది. మన బాంబులతో గుంతలు పడిన రన్‌వే మీద నుంచి లేపారు. శత్రువే అయినా ఆ పైలట్లకు సలాం.

కొత్తగా_చేరాను
ఆదివారం, రాత్రి 7:10

మరి చైనా తీరంలోని మకావ్? దాన్ని 1999 దాకా ఎలా నిలుపుకున్నారు? అక్కడ నాయకత్వం గొప్పదా?

లెక్కలమాస్టారు
ఆదివారం, రాత్రి 7:45

నిలుపుకోలేదు నాయనా. 1974 తర్వాత తిరిగి తీసుకోండని పోర్చుగల్ చైనాతో అంది, చైనా ఇప్పుడు వద్దంది. హాంకాంగ్ వ్యవహారం తేలకుండా పక్క ఊరు తీసుకుంటే అక్కడి వ్యాపారం బెదురుతుందని వాళ్ల లెక్క. 1979లో దౌత్య సంబంధాలు, 1987లో ఉమ్మడి ప్రకటన, 1999 డిసెంబర్ 20న అప్పగింత. తేదీ బీజింగ్ సౌకర్యం చూసుకుని పెట్టుకున్నదే. నాయకత్వం ఎవరిదో పాతపటాలు గారు చెప్పాలి. డబ్బు లెక్క అయితే నేను చెప్పేశాను.

పాతపటాలు
ఆదివారం, రాత్రి 8:05

మకావ్‌కు కొత్త దారం తెరుస్తాను, మాస్టారు ముందే లెక్కల పుస్తకం తెచ్చుకోవాలి. 1966 డిసెంబర్‌లో అక్కడ జరిగిన అల్లర్ల నుంచి మొదలుపెడదాం. గోవాలో మూడు వేల మందిని చావమన్న సలాజర్, మకావ్‌లో రెండు నెలలు తిరగకముందే గవర్నర్‌ను చైనా వర్తక సంఘం భవనానికి పంపి క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టించాడు. ఈ సంగతి నా వాదనకు అడ్డం వస్తుందని ఎర్రమందారం గారు ఎలాగూ అంటారు కాబట్టి ముందే పెడుతున్నాను.